కంపు పోయింది, గ్యాసు పోలేదు: అపోహలు - వాస్తవాలు

"డ్రైనేజీలో దిగేవాళ్లకు ఆ కంపు అలవాటే లెండి" అనే మాటను చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. దిగేవారు సైతం దానినే నమ్మడం నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

అపోహ: కంపు తగ్గితే గ్యాసు తగ్గినట్టే.

వాస్తవం: మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ 1 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) కన్నా తక్కువ ఉన్నప్పుడే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది, 100 పీపీఎంకు చేరితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారి దానిని పసిగట్టడం మానేస్తుంది. ముక్కు ఊరుకుంటుంది గాని, కణాలను ప్రాణవాయువు వాడుకోనివ్వని ఆ విషానికి మెదడు ఎన్నటికీ అలవాటు పడదు. 500 దాటితే మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. మురుగులోనే పుట్టే మరో గ్యాసు మీథేన్‌కు అసలు వాసనే లేదు. మూత తీసి, వంగి వాసన చూసి "ఏం ఫరవాలేదు" అనేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని దించడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షల రూపాయలకు పెంచింది.

తలనొప్పితో వచ్చిన ఒక కార్మికుడు, "మొదట గుప్పుమంది సార్, తర్వాత ఏమీ రాలేదు, గ్యాసు పోయిందనుకున్నా" అన్నారు. పైనున్న తోటివాడు తాడు లాగబట్టి బతికారు. ఆయన కుర్చీని నా బల్లకు దూరంగా జరుపుకొని కూర్చున్నారు. రెండుసార్లు స్నానం చేసి వచ్చారని భార్య చెప్పింది. నాకు తెలిసింది సబ్బు వాసన ఒక్కటే.

అపోహ: రోత పుట్టుకతో వస్తుంది.

వాస్తవం: మలాన్ని చేత్తో తడిమే పసిపిల్లకు రోత తెలియదు, పెద్దల ముఖాలు చిట్లడం చూసి నేర్చుకుంటుంది. వాసన కబురు మిగతా ఇంద్రియాల కబుర్లలా ముందు మెదడులోని కూడలి లాంటి థాలమస్‌కు వెళ్లకుండా, ఉద్వేగాలకు నెలవైన అమిగ్డలాకు, జ్ఞాపకాల హిప్పోకాంపస్ దాపుకు సూటిగా చేరుతుంది గనుక ఆ పాఠం చెరగదు. ఆ పాఠంలో వాడ పేరునూ కులం పేరునూ కలిపి నేర్పితే, ఆ మనిషి అత్తరు పూసుకొచ్చినా చెయ్యి ముక్కు మీదికి లేస్తుంది.

అపోహ: కోవిడ్‌తో పోయిన వాసన పసిగట్టే శక్తి ఇక రాదు.

వాస్తవం: దిగులు పడనక్కరలేదు. చాలామందికి తిరిగి వస్తుంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాలను రోజుకు రెండు పూటలా, నెలల తరబడి వాసన చూసే సాధన మేలు చేస్తుంది.

ఆ కార్మికుడు మందుల చీటీ తీసుకున్నాక, మేస్త్రీకి చూపించేందుకు ఒక ముక్క రాసివ్వమని అడిగారు. వాసన లేదని చెప్పి ఈయనను దించవద్దని, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి, సంతకం చేసి ఇచ్చాను.