34 పరుగులు చేసి ఓడిన చంద్రగిరి

తిరుపతి,
ఆదివారం.

చి. అబ్బికి, అమ్మికి,

తాత ఆశీస్సులు. మీరు బెంగళూరు బస్సెక్కి నాలుగు రోజులైంది. ఇల్లు బోసిపోయింది. అవ్వ అలవాటు కొద్దీ ఇంకా నాలుగు గ్లాసుల మజ్జిగ కలుపుతోంది. నిన్న ఫోన్లో అమ్మి నాతో మాట్లాడలేదు కానీ, "తాత తొండి" అనడం మాత్రం వెనక నుంచి వినబడింది. ముప్ఫై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ణి, ఆ మాట పడి ఎట్లా ఊరుకుంటాను? మనం పాచికలతో ఆడిన బేస్‌బాల్ లీగ్ నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాను.

అమ్మీ, ముందు నీ ఫిర్యాదు. ఫైనల్ ఏడు ఆటల్లో నీ చంద్రగిరి జట్టు 34 పరుగులు చేసింది, అబ్బి తిరుచానూరు జట్టు 17 చేసింది, సగం చేసినవాడికి కప్పేమిటని కదా? కూడిక రెండుసార్లు చూశాను, సరిగ్గానే ఉంది. మొదటి ఆట 9–1, మూడోది 7–0, నాలుగోది 8–2. ఈ మూడూ నీవి. నాలుగో ఆట పేజీ మీద బేనీషా రసం మరక కూడా నీదే. అబ్బి గెలిచినవి 3–2, 2–1, 4–3, 5–4. నాలుగూ ఒక్కొక్క పరుగు తేడాతోనే.

బేస్‌బాల్ ఫైనల్లో లెక్కపెట్టేది గెలిచిన ఆటల్ని. ఏడింట్లో ఎవరు ముందు నాలుగు గెలిస్తే కప్పు వాళ్లది. ఎనిమిది పరుగుల తేడాతో గెలిచినా ఆ రోజుకు అది ఒక్క గెలుపే. మిగిలిన పరుగుల్ని ఆవకాయలాగా జాడీలో పెట్టి రేపటికి దాచుకోలేం. మీరు బ్యాడ్మింటన్ చూస్తారుగా. మొదటి గేమ్ 21–9తో గెలిచి, తర్వాత రెండూ 19–21తో పోగొట్టుకున్నవాడికి మొత్తం మీద 59 పాయింట్లు, అవతలివాడికి 51. అయినా షేక్‌హ్యాండిచ్చి ఓడిపోయి వెళ్లేది 59 వాడే.

నీ చంద్రగిరి కంటే ముందే ఈ దెబ్బ తిన్న పెద్ద జట్టు ఒకటుంది. అమెరికా బేస్‌బాల్ ఫైనల్‌ని వరల్డ్ సిరీస్ అంటారు. 1960లో అందులో న్యూయార్క్ యాంకీస్, పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆడారు. యాంకీస్ గెలిచిన మూడు ఆటల స్కోర్లు 16–3, 10–0, 12–0. పైరేట్స్ గెలిచినవి 6–4, 3–2, 5–2, ఆఖరిది 10–9. కూడి చూడు: యాంకీస్ 55, పైరేట్స్ 27. కప్పు 27 వాళ్లదే. నిజం ఆటలో ఇలా జరగడానికి ఒక కారణం కూడా ఉంటుంది. ఆట చెయ్యి దాటిపోయిందని తెలిశాక మేనేజర్ తన మంచి పిచ్చర్లను, అంటే బంతి విసిరేవాళ్లను, అలసిపోనివ్వడు, రేపటికి అట్టిపెడతాడు. దాంతో ఓడే ఆటలో జట్టు మరీ ఘోరంగా ఓడిపోతుంది. మన పాచికలకు ఆ తెలివి లేదు, అది వేరే సంగతి.

పిట్స్‌బర్గ్ అంటే ఏదో తెలియని ఊరనుకోకండి. 1970లలో మన వెంకన్నకు అక్కడ కొండమీద గుడి కట్టారు. అమెరికాలో తొలినాళ్లలో కట్టిన మన గుళ్లలో అదొకటి. అబ్బికి ఇష్టమైన ఘట్టం జరిగింది ఆ ఊళ్లోనే. అక్టోబరు 13, ఏడో ఆట, స్కోరు 9–9. సొంత మైదానంలో ఆడే జట్టు ప్రతి ఇన్నింగ్స్‌లోనూ రెండోసారి బ్యాటింగ్‌కి దిగుతుంది కాబట్టి, తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో బ్యాట్ పైరేట్స్ చేతిలో ఉంది. మొదట దిగినవాడు బిల్ మజెరోస్కీ. ఫీల్డింగ్‌కే ఎక్కువ పేరున్న మనిషి. మధ్యాహ్నం 3:36కి అతను కొట్టిన బంతి లెఫ్ట్‌ఫీల్డ్ గోడ దాటిపోయింది. అక్కడ కాపలా కాస్తున్న యాంకీస్ ఆటగాడు యోగీ బెర్రా తలెత్తి చూడడం తప్ప చేసేదేం లేకపోయింది. ఆ పరుగు రావడంతోనే సిరీస్ అయిపోయింది. ఇప్పుడా స్టేడియం లేదు, గోడలో కొంత ముక్క మిగిలింది. ఏటా అక్టోబరు 13న జనం ఆ గోడ దగ్గర చేరి, ఆనాటి రేడియో వ్యాఖ్యానం మళ్లీ పెట్టుకుని వింటారు. ఏమవుతుందో తెలిసీ వింటారు, మనం హరికథ విన్నట్టే.

ఇంకో మాట. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన యాంకీస్‌కు ఆడిన బాబీ రిచర్డ్‌సన్‌కి ఇచ్చారు. వరల్డ్ సిరీస్‌లో ఓడిన జట్టువాడికి ఆ బహుమతి దక్కింది ఆ ఒక్కసారే. ఆ లెక్కన మన లీగ్ బహుమతి నీ మూడో నంబరు బ్యాటర్‌కి రాశాను అమ్మీ, పేజీ చివర చూసుకో.

అబ్బీ, ఇప్పుడు నీ వంతు. 1–3తో వెనకబడ్డప్పుడు "నేను గెలుస్తానని నాకు ముందే తెలుసు" అన్నావట. నీకేం తెలియదు నాయనా. రెండు జట్లూ సమానమైతే ప్రతి ఆటా బొమ్మా బొరుసే. మిగిలిన మూడు ఆటలకు ఎనిమిది రకాల ఫలితాలు రావచ్చు, అందులో మూడూ నీవయ్యేది ఒక్కటే. అంటే ఎనిమిదింట్లో ఒక వంతు. 2016 వరల్డ్ సిరీస్‌లో చికాగో కబ్స్ జట్టు కూడా ఇలాగే 1–3 నుంచి లేచి గెలిచారు, 108 ఏళ్ల తర్వాత కప్పు తెచ్చుకున్నారు. అందుకే అంత సంబరం.

ఇక అసలు తగాదా. ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, 4–4, ఇద్దరు అవుట్. అబ్బి పాచికలు వేశాడు. ఒకటి మూడు చూపించి కూర్చుంది. రెండోది చాప అంచుకు ఆనుకుని ఏటవాలుగా నిలిచింది. అమ్మి కూర్చున్న వైపు నుంచి చూస్తే అది నాలుగు. మూడూ నాలుగూ ఏడు, మన రూల్లో ఏడంటే స్ట్రైకవుట్, బ్యాటర్ అవుటన్నమాట. నేను మళ్లీ వేయమన్నాను. ఆరూ ఆరూ పడ్డాయి, హోమ్ రన్. అబ్బి వరండా చుట్టూ పరుగు తీశాడు, పక్కింటాయన కంగారుగా తొంగి చూశాడు. "సరిగ్గా కూర్చోని పాచిక చెల్లదు" అని మొదటి ఆటకు ముందే ఆఖరి పేజీలో రాసుకున్నాం, అక్షరాలు అమ్మివే. ఒకవేళ ఆ నాలుగును ఒప్పుకున్నా, మూడో అవుట్‌తో అబ్బి వంతు ముగిసి, 4–4 మీదే ఆట పదో ఇన్నింగ్స్‌కి వెళ్లేది, అంతే. అమ్మీ, కప్పు నీ చేతికి వచ్చేది కాదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. నాలుగో ఆటలో అమ్మి పాచిక ఒకటి ఇలాగే చాపకు వాలి నిలిచింది. అబ్బి మామిడి ముక్క కోసం వంటింట్లోకి వెళ్లాడు. నేను చూసీ చూడనట్టు వదిలేశాను. హిట్ అయింది, రెండు పరుగులొచ్చాయి. 8–2 ఆటలో వాటితో ఒరిగిందేం లేదులే, కానీ అమ్మి 34లో ఆ రెండూ ఉన్నాయి. కాబట్టి తాత తొండి అన్నమాట నిజమే, ఆట మాత్రం వేరే.

దసరాకు మీరొచ్చేలోగా అవ్వనడిగి అంచున్న ఇత్తడి పళ్లెం ఒకటి దించి పెడతాను. ఇకమీదట పాచికలు అందులోనే వేయాలి.

మీ
తాత