ఎండే కుంటే కప్పకు ముద్దు

మొన్న అచ్చంపేట నుంచి ఒక టీచర్ ఫోన్ చేశారు. "అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో జంతువుల కోసం సోలార్ బోర్లతో సాసర్ పిట్లు, అదే పళ్లెంలాంటి నీటి గుంటలు, నింపుతున్నారు కదా సార్, కప్పలు గుడ్లు పెట్టే కుంటల్లోనూ ఏడాదంతా నీళ్లు ఉంచొచ్చు కదా?" అని.

పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల నల్లమలలో దాదాపు 2,600 చదరపు కిలోమీటర్ల అడవి అది. పులి పేరుతో కాపాడుతున్నా, వానాకాలం రాత్రుళ్లు అక్కడ రాజ్యం కప్పలదే. కానీ నీళ్లు ఎప్పుడూ ఉంటే చేపలు చేరతాయి, తూనీగ పిల్లలు బలుస్తాయి. రెండింటికీ తోకకప్పలంటే విందు. అందుకే మన బోదురుకప్పలు మృగశిర వానలకు నిండి, తర్వాత ఎండిపోయే గుంటలనే వెతుక్కుంటాయి.

మరి కాళ్లు రాకముందే నీళ్లు అయిపోతే? నాకు భలే నచ్చే సంగతి ఇక్కడే ఉంది. నీళ్లు తగ్గి ఇరుకవగానే తోకకప్ప మెదడు సీఆర్‌హెచ్ అనే హార్మోను వదులుతుంది. మనకు టెన్షన్ పుట్టినా ముందు కదిలేది ఇదే. తోకకప్పలో మాత్రం ఇది థైరాయిడ్‌ను కూడా తట్టి లేపుతుంది. థైరాయిడ్ వదిలే హార్మోను థైరాక్సిన్‌లో 4 అయోడిన్ పరమాణువులు ఉంటాయి. ఒకటి ఊడితే టీ3, అసలు పని దానిదే. ఒత్తిడికి పుట్టే కార్టికోస్టెరోన్ ఆ ఊడదీయడాన్నీ తొందరపెడుతుంది. ఇక చూడండి: అదే టీ3 కాలి మొగ్గలో కణాలను పెంచుతుంది, తోకలో కణాలను చంపుతుంది, నాచు అరిగించే పొడవాటి పేగును పురుగులు తినేందుకు కురచ చేస్తుంది! 1912లో గూడర్‌నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు గుర్రం థైరాయిడ్ తినిపిస్తే, అవి ఎదగకుండానే బుల్లి కప్పలైపోయాయి. కుంటలోనూ అంతే, తొందరపడ్డ కప్ప పొట్టిగా మిగులుతుంది.

బడిలో కప్ప జీవితచక్రం గీయించి మార్కులు వేస్తాం. ఆ బాణాల మీద ఎన్ని రోజులో రాయం. రాయలేం కూడా, ఆ లెక్క కుంట చేతిలో ఉంది. వానలు పడకపోతే మన ఊళ్లలో కప్పను రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోస్తారు. పాపం, వాన తెప్పించడం దాని వల్ల అయ్యే పని కాదు. తేమ పోయేలోపు బయటపడటమే దాని విద్య.

నిరుడు అదే అడవిలో ఫరహాబాద్ దారి పక్కన ఒక గుంట చూశాను. వారంగా చినుకు లేదు. కణుజు గిట్ట దిగిన పల్లంలో దోసెడు నీళ్లు, అందులో పది పన్నెండు తోకకప్పలు. అంచున తడి మట్టి మీద ఒకటి కూర్చుంది, బొటనవేలి గోరంత. నాలుగు కాళ్లూ వచ్చాయి, వెనక మినపగింజంత తోక ఇంకా ఉంది. వంగి చూసేలోపే ఎండుటాకు కిందికి దూకింది.