ఆప్షన్స్‌లో ఓపెన్ ఇంటరెస్ట్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, 25,000 కాల్‌ల ఓఐ మస్తు పెరిగింది. ఇగ నిఫ్టీ దాటది గద?" నల్గొండ, మిర్యాలగూడ వైపు ఆప్షన్స్ నేర్చుకుంటున్న తమ్ముళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఓఐ అంటే ఓపెన్ ఇంటరెస్ట్, ఇంకా మూయకుండా నిలిచి ఉన్న కాంట్రాక్టుల లెక్క. కాల్ అంటే ముందే అనుకున్న రేటుకు కొనే హక్కు, పుట్ అంటే అమ్మే హక్కు.

అపోహ: కాల్‌లో ఓఐ పెరిగితే మార్కెట్ పైకి పోదు.

వాస్తవం: ప్రతి కాంట్రాక్టుకూ కొన్నవాళ్లుంటారు, అమ్మినవాళ్లుంటారు. ఎవరిది పైచేయో ఓఐ ఒక్కటే చెప్పదు, పక్కన ప్రీమియం (ఆప్షన్ ధర) చూడాలి. నిఫ్టీ ఉన్నచోటే ఉండగా ప్రీమియం 120 నుంచి 90కి దిగి, ఓఐ పెరిగితే అమ్మేవాళ్ల ఒత్తిడి అనుకోవచ్చు. ప్రీమియం, ఓఐ రెండూ పెరిగితే కొనేవాళ్ల జోరు. ప్రీమియం ఎక్కుతూ ఓఐ తగ్గుతోందా? అమ్మినవాళ్లు తిరిగి కొనుక్కుని బయటపడుతున్నారన్నమాట. అందరూ గోడ అనుకున్న స్ట్రైక్‌ను (25,000 లాంటి ముందే అనుకున్న రేటును) నిఫ్టీ ఒక్క ఊపులో దాటేది ఇలాంటప్పుడే. ఇంత చూసినా ఇది అంచనాయే. కాల్ అమ్మినవారు పై స్ట్రైక్‌లో ఇంకో కాల్ కొని పెట్టుకుని ఉండొచ్చు. ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు తీరే రోజు) దగ్గరపడితే ప్రీమియం దానంతటదే కరుగుతుంది కూడా. పీసీఆర్ (పుట్‌ల ఓఐని కాల్‌ల ఓఐతో భాగిస్తే వచ్చే అంకె) 1 దాటింది కాబట్టి కొనెయ్యాలనే మాటకూ ఇదే జవాబు.

అపోహ: వాల్యూమ్ పెరిగితే ఓఐ పెరిగినట్టే.

వాస్తవం: మన దగ్గర బత్తాయి తోటను ఒక వ్యాపారి గుత్తకు పట్టి, కాయ కోయకముందే ఇంకొకరికి అప్పజెప్పాడనుకోండి. బేరాలు రెండు, నిలిచిన గుత్త ఒక్కటే. బేరాల లెక్క వాల్యూమ్, గుత్తల లెక్క ఓఐ.

అపోహ: ఓఐ మార్పు గడిలో ప్లస్ ఉంటే ఇప్పుడు కొత్త పొజిషన్లు చేరుతున్నట్టే.

వాస్తవం: ఎన్ఎస్ఈ ఆప్షన్ చైన్‌లో (అన్ని స్ట్రైక్‌ల వివరాలు చూపే పట్టికలో) ఆ గడి నిన్నటి ముగింపుతో పోల్చి చూపిస్తుంది. పొద్దున 2 లక్షలు చేరి, మధ్యాహ్నానికి అందులో లక్ష ఖాళీ అయినా అక్కడ ప్లస్ లక్షే కనిపిస్తుంది. జనం బయటికి పోతుంటే మీరు లోపలికి వస్తారు. 15 నిమిషాలకోసారి ఆ అంకెను నోట్‌బుక్‌లో రాసుకోండి, దిశ దానంతటదే తెలుస్తుంది.

అపోహ: ఓఐ చదవడం వస్తే నష్టం రాదు.

వాస్తవం: ఈ డేటా అందరికీ ఉచితమే. అయినా 2021-22 నుంచి 2023-24 దాకా ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని 2024 సెప్టెంబర్‌లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. వడ్లమ్మిన పైసలు ఇందులో పెడదామనుకునేవాళ్లు ముందు ఈ అంకె చూడండి.

ఇంకొకటి. 2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీ మంగళవారం. సోమ, మంగళవారాల్లో ఆ వారం ఓఐ పడిపోతే కంగారు వద్దు. చాలామంది పొజిషన్లు మూసి వచ్చే వారానికి జరుపుకుంటారు, కాబట్టి రెండు వారాల ఓఐనీ పక్కపక్కన పెట్టి చూడండి.