డాబా మీది కోళ్ళు, పెరట్లోని మేకలు: హైదరాబాద్ ఇళ్ళలో వినిపించే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇంటి వద్ద నాలుగు కోళ్ళో, ఒక మేకో పెంచుకునేవారిలో చాలామంది పల్లె నుంచి వచ్చినవారు, లేదా పల్లెలో అమ్మమ్మగారి ఇంట పెంపకాన్ని చూసినవారు. వారి నమ్మకాలన్నీ ఆ పెరటి నుంచే వస్తాయి. అక్కడ కోడి తెల్లవారగానే గంప కింది నుంచి బయటపడి పెంటకుప్పలో పురుగులను, గట్ల మీద గడ్డి గింజలను, నేలలో చిన్న రాళ్ళను, ఒళ్ళు పొర్లించుకోవడానికి దుమ్మును, మధ్యాహ్నం చెట్టు నీడను తానే వెతుక్కునేది. యజమాని వేసే గుప్పెడు నూకలు దానికి అదనపు తిండి మాత్రమే. ఉప్పల్‌లోనో, ఎల్బీనగర్‌లోనో సిమెంటు డాబా మీద పెరిగే కోడికి ఇవేవీ దొరకవు. అందువల్ల పల్లెలో చెల్లిన మాట ఇక్కడ చెల్లదు. ఘట్‌కేసర్ వైపు చిన్న షెడ్డులో కోడిపిల్లలను పెంచి, కొంచెం ఎదిగాక నగరంలోని ఇళ్ళకు ఇవ్వడం నా వృత్తి. పిల్లలను తీసుకువెళ్ళేవారి నోట తరచుగా వినే మాటలను, వాటికి నేను చెప్పే సమాధానాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నాటుకోడికి రోగాలు రావు, టీకాలు ఫారం కోళ్ళకే అవసరం.

వాస్తవం: నాటుకోడికి ఓర్పు ఎక్కువన్న మాట నిజమే, కానీ ఆ ఓర్పు ఎండకు, తిండి కొరతకు సంబంధించినది. రాణీఖేత్ వ్యాధికి, అంటే మన వైపు కొక్కెర తెగులు అనే దానికి, నాటు, ఫారం అన్న తేడా లేదు. ఆకుపచ్చని, తెల్లని విరేచనాలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఆ తరువాత కాళ్ళు, రెక్కలు చచ్చుపడి మెడ మెలి తిరగడం దాని లక్షణాలు. టీకా పడని మందలో అది ప్రవేశిస్తే నాలుగైదు రోజుల్లో గూడు దాదాపు ఖాళీ అవుతుంది. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు కాబట్టి వచ్చాక నయం చేసే మందు లేదు. పసుపు, వెల్లుల్లి, మిరియాలు నూరి మింగించినందువల్ల తెగులు ఆగదు. ఆ రోజుల్లో బతికిన కోడి తన అదృష్టం వల్ల బతికింది, పేరు మాత్రం పసుపుకు వచ్చింది.

టీకా విధానం కష్టమైనది కాదు. పిల్లకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా టీకాను కంటిలోనో, ముక్కులోనో ఒక చుక్క వేయాలి, నాలుగు వారాల వయసు దాటాక మళ్ళీ వేయాలి. ఎనిమిది వారాలు నిండిన తరువాత అదే వ్యాధికి వేసే ఆర్‌2బి అనే మరో టీకాను సూదితో ఇప్పించాలి. కష్టమంతా ఆ మందును చల్లగా నిలిపి ఉంచడంలోనే ఉంది. దుకాణం నుంచి ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో తీసుకురాకుండా మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టి తెచ్చిన టీకా, వేసినా వేయనట్టే. కలిపిన మందును రెండు గంటలలోపు వాడివేయాలి. పైగా సీసాలో వంద మోతాదులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి, ఇంట్లో ఉండేవి ఆరు కోళ్ళు. కాబట్టి వీధిలోని నాలుగైదు ఇళ్ళవారు కలిసి ఒకే రోజు వేయించుకోవడం అందరికీ మంచిది. పొరుగింటి కోడికి టీకా లేకపోతే ఆ ముప్పు మన గోడ దాటి రాక మానదు.

దీనికి తోడు మరొక అలవాటు గురించి చెప్పాలి. చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్‌లో ముచ్చటపడి కొన్న పుంజును అదే సాయంత్రం పాత కోళ్ళ గూటిలో వదులుతారు. ఎక్కడెక్కడి పక్షులో పక్కపక్క బోనుల్లో ఉండే చోటు నుంచి వచ్చిన కోడిని కనీసం రెండు మూడు వారాలు వేరుగా ఉంచాలి. దాని నీటి పాత్ర కూడా వేరుగానే ఉండాలి, ముందు పాత కోళ్ళ పని ముగించుకుని ఆ తరువాతే కొత్తదాని దగ్గరకు వెళ్ళాలి.

అపోహ: ఇంట్లో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు చాలు, దాణా కొనడం దండగ.

వాస్తవం: నగరంలోని కోళ్ళ ఇబ్బందుల్లో సగం ఈ ఒక్క నమ్మకం నుంచే పుడుతున్నాయని నా అభిప్రాయం. ఒక గుడ్డు పెంకు బరువు 5 నుంచి 6 గ్రాములు ఉంటుంది, అందులో కాల్షియం సుమారు 2 గ్రాములు. అన్నంలో కాల్షియం లేనంత తక్కువ, మాంసకృత్తులు కూడా గుడ్లు పెట్టే పెట్టకు సరిపోవు. తిండిలో దొరకని కాల్షియాన్ని పెట్ట తన ఎముకల నుంచి తీసి పెంకు కడుతుంది. మొదట పెంకు పలచబడుతుంది, ఆ తరువాత గట్టి పెంకు లేని తోలుగుడ్డు పెడుతుంది, చివరకు కాళ్ళ మీద నిలబడలేకపోతుంది. ఈలోగా పగిలిన గుడ్డు రుచి మరిగి తన గుడ్లను తానే పొడుచుకు తినడం నేర్చుకుంటుంది, ఆ అలవాటును మాన్పించడం చాలా కష్టం.

గుడ్లు పెట్టే కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఆ దాణాలో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర శాతం పైన ఉండాలి. అన్నం, ఆకుకూరల కాడలు, తొక్కలు దీని మీద చిరుతిండిగా మాత్రమే ఉండాలి. బిర్యానీ, పచ్చడి కలిపిన అన్నం అసలే వద్దు, ఆ ఉప్పు కోడి మూత్రపిండాలకు భారం. గుడ్డు పెంకులను ఎండబెట్టి, గుడ్డు అని పోల్చుకోలేనంతగా నలగ్గొట్టి ఒక చిప్పలో వేరుగా పెట్టవచ్చు, ఆల్చిప్పల పొడి అయితే ఇంకా మేలు. గుడ్లకు రాని పిల్లలకు మాత్రం ఈ గుడ్ల కోళ్ళ దాణా పెట్టకూడదు, వాటికి కాల్షియం ఒక శాతం చాలు, అంతకు మించి పెడితే మూత్రపిండాలు చెడిపోతాయి. ఒకే గూటిలో తల్లులు, పిల్లలు కలిసి ఉంటే అందరికీ పిల్లల దాణాయే పెట్టి, పెద్దవాటికి పెంకుల పొడిని వేరుగా అందించడం నా పద్ధతి.

కోడికి పళ్ళు లేవు, గింజను నలిపేది దాని కందనకాయలో చేరిన చిన్న రాళ్ళే. నేల మీద తిరిగే కోడికి ఇవి వాటంతట అవే దొరుకుతాయి. డాబా మీది కోడికి గింజలు పెట్టేవారు నెలకొకసారి గుప్పెడు సన్నని గులకరాళ్ళు కూడా వేయాలి. బూజు పట్టిన మొక్కజొన్నను, ముక్కిన నూకలను ‘కోళ్ళకు పనికివస్తాయి’ అని ఇచ్చే దుకాణదారులున్నారు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

అపోహ: పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదు.

వాస్తవం: పెడుతుంది. పుంజు లేకుండా పెట్టిన గుడ్డును పొదిగిస్తే పిల్ల రాదు, అంతే తేడా. అపార్ట్‌మెంట్ల మధ్య ఇల్లున్నవారు తెల్లవారుజాము కూతతో ఇరుగుపొరుగును నొప్పించకుండా పెట్టలను మాత్రమే ఉంచుకోవచ్చు.

అపోహ: మంచి జాతి పెట్ట ఏడాది పొడవునా రోజుకొక గుడ్డు పెడుతుంది.

వాస్తవం: ఒక గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. కాబట్టి గుడ్డు పెట్టే వేళ రోజురోజుకూ కొంచెం వెనక్కి జరిగి, ఒక రోజు ఖాళీగా పోతుంది. వెలుతురు తగ్గే చలికాలంలో గుడ్లు తగ్గుతాయి, ఈకలు రాల్చే కాలంలో పూర్తిగా ఆగిపోతాయి. అసలైన నాటు పెట్ట ఒక విడతకు పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలక కార్యాలయం పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు నాటు పెట్ట కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. కానీ అవి పొదుగుకు సరిగా కూర్చోవు, వాటి గుడ్లను పొదిగించినా తరువాతి తరం తల్లిలాగా పెట్టదు. గుడ్లు కావాలా, పిల్లలు కావాలా అన్నది తేల్చుకున్నాకే పిల్లలను కొనమని నేను చెబుతాను. రెండూ కావాలనేవారు గ్రామప్రియలతో పాటు ఒక నాటు పెట్టను పెంచుకోవడం మేలు.

అపోహ: గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువ, కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుంది.

వాస్తవం: పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది, దానికీ లోపలి బలానికీ సంబంధం లేదు. సొన ముదురు పసుపు రంగులో ఉండటానికి కారణం కోడి తిన్న పచ్చి ఆకు, మొక్కజొన్న. కోడి తిండి మారితే గుడ్డులోని పోషకాలు కొంత మారతాయన్నది నిజమే కాబట్టి, అడగవలసినది పెంకు రంగు కాదు, కోడి ఏమి తిన్నదనే. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి, దాని మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. దాని చర్మం, మాంసం, ఎముకలు సైతం నలుపే, గుడ్డు మాత్రం లేత గోధుమరంగులో ఉంటుంది. నల్ల గుడ్డు చూపించి అమ్మేవారెవరైనా ఉంటే ఆ రంగు కోడి పెట్టినది కాదు.

అపోహ: వీధిలో అమ్మే గులాబీ, ఆకుపచ్చ రంగుల కోడిపిల్లలు ప్రత్యేక జాతివి, ఇంట్లో సులభంగా పెరుగుతాయి.

వాస్తవం: అవి గుడ్ల కోళ్ళ హేచరీలు, అంటే యంత్రాలతో గుడ్లను పొదిగించే కేంద్రాలు, పనికిరావని తీసివేసిన మగపిల్లలు. హేచరీలో పొదిగిన గుడ్లలో ఇంచుమించు సగం మగవే వస్తాయి, అవి గుడ్లు పెట్టవు, మాంసానికీ త్వరగా ఎదగవు, అందుకే రంగు అద్ది కారుచౌకగా అమ్ముతారు. పిల్లవాడు మారాం చేశాడని రెండు కొని అట్టపెట్టెలో పెడతారు, మూడో రోజుకు అవి చనిపోతే దిష్టి తగిలిందనుకుంటారు. అవి చనిపోయేది చలి వల్ల. పుట్టిన మొదటి వారంలో కోడిపిల్లకు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. తల్లి రెక్కల కింద దొరికే ఈ వెచ్చదనాన్ని ఇంట్లో మామూలు బల్బు కూడా ఇస్తుంది, ఎల్‌ఈడీ బల్బు ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలిగా ఉన్నట్టు, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు, చెదిరి తిరుగుతూ తింటుంటే సరిపోయినట్టు. థర్మామీటరు లేకపోయినా ఈ మూడు గుర్తులు చాలు.

అపోహ: బ్రాయిలర్ కోళ్ళకు హార్మోన్ సూదులు వేసి పెంచుతారు.

వాస్తవం: వృద్ధి హార్మోన్ ఒక మాంసకృత్తి. దాణాలో కలిపితే అరిగిపోతుంది, సూదితో వేయాలంటే షెడ్డులోని వేల కోళ్ళను మాటిమాటికీ పట్టుకోవాలి, ఆ ఖర్చు ఏ రైతుకూ గిట్టుబాటు కాదు. ఆరు వారాల్లో కోడి రెండు కిలోలు దాటడం దశాబ్దాల జాతి ఎంపిక వల్ల, లెక్కగా కలిపిన దాణా వల్ల సాధ్యమైంది. ఆందోళన చెందవలసిన విషయం వేరే ఉంది, అది యాంటీబయాటిక్‌ల వాడకం. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్‌ను ఆహార జంతువులకు వాడటాన్ని భారత ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఈ తప్పు పెద్ద షెడ్లవారే చేస్తారనుకోకూడదు. కోడి తుమ్మిన ప్రతిసారీ మందుల దుకాణం నుంచి టెట్రాసైక్లిన్ తెచ్చి నీళ్ళలో కలిపి, అదే వారం దాని గుడ్లను పిల్లలకు పెట్టే ఇళ్ళు నగరంలో తక్కువేమీ కాదు.

అపోహ: కోళ్ళున్న ఇల్లు కంపు కొట్టక తప్పదు.

వాస్తవం: పొడి రెట్ట అంతగా వాసన వేయదు, తడిస్తేనే అమ్మోనియా పుట్టి కళ్ళు మండిస్తుంది. గూటిలో మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచి, రోజూ కలియదిప్పుతూ, నీటి పాత్రను కోడి వీపు ఎత్తున పెట్టి ఒలకకుండా చూస్తే వాసన సమస్య చాలావరకు తీరుతుంది. గూటిని రోజూ నీళ్ళతో కడగడం శుభ్రత అనుకునేవారు తెలియక వాసనను పెంచుకుంటున్నారు.

డాబా గూళ్ళలో అసలు ఇబ్బంది వేసవి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూనే ఒంటి వేడిని బయటకు పంపుతుంది, అలా ఎక్కువసేపు రొప్పితే రక్తంలో జరిగే మార్పు వల్ల గుడ్డు పెంకు కూడా పలచబడుతుంది. రేకుల కప్పు మీద సున్నం పూసి, తడిపిన గోనె సంచులు కప్పి, దాణాను ఉదయం ఎనిమిదిలోపు, సాయంత్రం ఎండ తగ్గాక మాత్రమే పెట్టాలి. తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది కనుక మధ్యాహ్నం తిండి వద్దు, చల్లని నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

అపోహ: కుందేళ్ళకు నీళ్ళు పెడితే చనిపోతాయి.

వాస్తవం: చదువుకున్నవారు కూడా ఈ మాట చెబుతుంటే వింటున్నాను. నీళ్ళు లేకపోతేనే కుందేలు చనిపోతుంది, పాలిచ్చే ఆడ కుందేలుకు మరీ ఎక్కువ నీళ్ళు కావాలి. మురిగిన తడి ఆకులు తిని కడుపు ఉబ్బి చనిపోయిన కుందేళ్ళను చూసి ఎవరో ఆ నేరాన్ని నీటి మీద వేసి ఉంటారు. ముప్పై డిగ్రీలు దాటితే కుందేలుకు ఇబ్బంది మొదలవుతుంది, మన ఏప్రిల్, మే నెలల్లో దాని బోను ఇంట్లో చల్లని మూల ఉండాలి. రాత్రిపూట అది తన మెత్తని పెంటికలను తానే తినడం జబ్బు కాదు, దాని జీర్ణక్రియలో భాగం.

అపోహ: మేక ఏదైనా తిని అరిగించుకుంటుంది.

వాస్తవం: మేక ఎంచుకుని తినే జంతువు. నేల మీద తొక్కిన మేతను ముట్టదు, కాబట్టి సుబాబుల్, తుమ్మ, రావి కొమ్మలను ఎత్తున కట్టాలి. బక్రీద్‌కు ముందు జియాగూడ మండీ నుంచి తెచ్చిన మేకను ఇంటిల్లిపాదీ ముద్దుచేసి బిర్యానీ అన్నం, రొట్టెలు, గింజలు కడుపు నిండా పెడతారు. అప్పటిదాకా ఆకు మేసిన మేక కడుపులోని సూక్ష్మజీవులు ఒక్కసారిగా వచ్చిన పిండి పదార్థాన్ని పులియబెట్టి ఆమ్లంగా మారుస్తాయి. మేక తిండి మాని, పళ్ళు కొరుకుతూ, ఎడమ డొక్క ఉబ్బి, ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. డొక్క ఉబ్బడం కనిపించగానే గింజలు ఆపి పశువైద్యుడిని పిలవాలి, నూనె తాగించి రేపటిదాకా చూద్దామనుకోకూడదు. బలమైన తిండి పెట్టాలనుకుంటే రోజుకు ఒక గుప్పెడుతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా పావుకిలోకు తీసుకురావాలి, ఆ రోజులన్నీ ఎండుగడ్డి, ఆకు ఎదురుగా ఉండాలి. కొనేటప్పుడు పారుడు రోగం (పీపీఆర్ అనే వైరస్ జబ్బు) టీకా, వానలకు ముందు వేసే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు) టీకా పడ్డాయో లేదో అడిగి తెలుసుకోవాలి. దాణా సంచిని మేక తాడు అందని గదిలో పెట్టి గడియ వేయాలి, ఎందుకంటే రాత్రివేళ సంచిని చింపుకుని తిన్న మేకలే ఎక్కువగా ఈ జబ్బు పడతాయి.