ఎంబసీ లేబర్ వింగ్: అపోహలు - వాస్తవాలు

సౌదీలో మన ఎంబసీ లేబర్ వింగ్‌లో అరబ్బీ అనువాదకుడిగా పనిచేశాను. జగిత్యాల నుంచి ఫోన్ చేసినా, రాయచోటి నుంచి చేసినా మనవాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: రాయబారి గారి దాకా వెళ్తేనే పనవుతుంది.
వాస్తవం: ఆయనకు పెట్టిన మెయిల్ కూడా చివరికి మా టేబుల్‌ మీదికే వస్తుంది. జీతం, అకామా (నివాస అనుమతి కార్డు), కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని, స్పాన్సర్) గొడవలు చూసేది లేబర్ వింగే, నేరుగా అక్కడికే రండి.

అపోహ: ఎంబసీ తలుచుకుంటే కఫీల్ మెడలు వంచుతుంది.
వాస్తవం: వంచలేదు. దౌత్య సిబ్బంది ఉన్న దేశపు చట్టాన్ని గౌరవించాలని, అక్కడి వ్యవహారాల్లో తలదూర్చకూడదని 1961 వియన్నా ఒప్పందం చెబుతోంది. కఫీల్‌తో మాట్లాడతాం, సౌదీ ప్రభుత్వ లేబర్ ఆఫీసుకు లెటర్ రాస్తాం, కొన్నిసార్లు వెంట వెళ్తాం కూడా, కానీ తీర్పు వాళ్లదే. అక్కడ చెల్లేది అరబ్బీ కాగితం. ఇంగ్లీషు కాపీకీ దానికీ తేడా వస్తే అరబ్బీదే లెక్క అని సౌదీ కార్మిక చట్టంలోనే ఉంది. నెలల తరబడి జీతం రాలేదని ఒకాయన వచ్చాడు, ఫైలు తెరిస్తే బాకీలన్నీ ముట్టాయని అరబ్బీలో రాసిన కాగితం, కింద ఆయన వేలిముద్ర! 'సెలవు కాగితం అన్నారు, పెట్టేశానన్నా' అన్నాడు. ఇలాంటప్పుడు ఆదుకునేది బ్యాంకు స్టేట్‌మెంటే, జీతం పడలేదని అందులో తెలిసిపోతుంది. అందుకే చదివించుకోకుండా దేనిమీదా వేలు పెట్టకండి, పెట్టినదానికి ఫోటో తీసి ఇంటికి పంపండి.

అపోహ: ఔట్‌పాస్ వస్తే మర్నాడే ఫ్లైట్.
వాస్తవం: ఔట్‌పాస్ పాస్‌పోర్టుకు బదులు ఒక్క ప్రయాణానికి మనం ఇచ్చే పత్రం మాత్రమే. ఎగ్జిట్, అంటే దేశం విడిచే అనుమతి, ఇచ్చేది సౌదీ జవాజాత్ (పాస్‌పోర్టుల శాఖ). పారిపోయాడని కఫీల్ కంప్లయింట్ పెట్టినా, పోలీసు కేసున్నా అది తేలాలి. కాబట్టి కంపెనీ నుంచి బయటపడ్డాక కాదు, ముందే ఫోన్ చేయండి.

అపోహ: మృతదేహం ఆలస్యమైతే ఎంబసీ నిర్లక్ష్యమే.
వాస్తవం: ఈ మాట పడ్డప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఆసుపత్రి రిపోర్టు, అనుమానాస్పదమైతే పోలీసు విచారణ, కఫీల్ సంతకాలు, ఇంటి నుంచి అంగీకార పత్రం అన్నీ చేరాకే మృతదేహం పంపడానికి ఎంబసీ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ముందుకు కదులుతుంది. కుటుంబం చేతిలో ఉన్నది ఆ అంగీకార పత్రం ఒక్కటే, దాన్ని వెంటనే పంపండి.

అపోహ: ఎంబసీ దగ్గర పైసా ఉండదు.
వాస్తవం: 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉంది. దిక్కులేనివాళ్లకు టికెట్, ఆశ్రయం, న్యాయసహాయం, శవం తరలింపు దాన్నుంచే. అర్హత చూసి ఇస్తారు, అడగాలి. ఊళ్లో ఉన్న కుటుంబం మన విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఏ ఏజెంటూ అక్కర్లేదు.