పందుల షెడ్లు, మన ఊళ్లు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు పల్లెల్లో పశువైద్యం చేస్తున్న నన్ను పందుల గురించి అడిగేవారి భయమంతా మాంసం మీదే ఉంటుంది. షెడ్డు వెనుక పెంటగుంట గురించి అడిగేవారు అరుదు.

అపోహ: పందులను తరిమేస్తే మెదడువాపు పోతుంది.
వాస్తవం: జపనీస్ మెదడువాపు వైరస్‌ను మనిషికి చేర్చేది వరిమళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ. కొంగల్లో ఉండే ఆ వైరస్ పంది రక్తంలో విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, ఇంటికి ఆనుకుని పందుల దొడ్డి ఉండటం ప్రమాదమే. అయితే 2016లో మల్కన్‌గిరి జిల్లాలో పసిపిల్లలు చనిపోయినప్పుడు, అన్ని మరణాలకూ ఈ వైరస్ కారణం కాదనీ, కొన్నింటి వెనుక కసింద గింజల విషం ఉందనీ నిపుణులు చెప్పారు. నింద మొత్తం పందుల మీద వేస్తే పిల్లల టీకా, దోమతెర మరుగున పడతాయి.

అపోహ: పందిమాంసం తిననివారికి బద్దెపురుగు బాధ లేదు.
వాస్తవం: సరిగా ఉడకని మాంసం తింటే పురుగు పేగులో పెరుగుతుంది. మెదడులో తిత్తులు కట్టి మూర్ఛ తెచ్చేవి మాత్రం ఆ పురుగు గుడ్లు; అవి మనిషి మలం నుంచి నీటిలోకీ, కూరగాయల మీదికీ చేరతాయి కనుక శాకాహారులకూ ఈ జబ్బు వస్తుంది. ఈ విషయంలో ఊరిమీద తిరుగుతూ మనిషి మలం తినే పందికంటే షెడ్డులో ఉన్న పందే మేలు.

అపోహ: పందులను చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ జబ్బు మనుషులకూ సోకుతుంది.
వాస్తవం: సోకదు.

అపోహ: పెంట ఎరువే కదా, ఎంత ఉన్నా నష్టం లేదు.
వాస్తవం: నాలుగైదు పందుల పెంట ఎకరం పొలానికి బలం, వందల పందుల పెంటను ఇముడ్చుకునే నేల చాలామంది యజమానులకు లేదు. మిగిలినది గుంటలో నిలిచి, నైట్రేటుగా మారి, ఊటబావుల్లోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. దాటితే ముందు దెబ్బతినేది ఆ నీటితో కలిపిన పాలు తాగే పసిబిడ్డలు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1999లో ఫ్లాయిడ్ తుపానుకు ఇలాంటి గుంటలు పొంగి నదుల్లో కలిశాయి. 2018లో తిత్లీ తుపానుకు గజపతి జిల్లా ఎలా మునిగిందో చూసినవారికి, వంశధార గట్టున గుంట తవ్వడమంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: మేతలో మందు కలిపితే జబ్బులు రావు.
వాస్తవం: కిక్కిరిసిన షెడ్డులో రోజూ యాంటీబయాటిక్ పెడితే మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగులుతాయి. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగనివ్వని జన్యువు చైనా పందుల్లోని సూక్ష్మజీవుల్లో బయటపడినట్టు 2015లో వెల్లడైంది. 2019లో మన ప్రభుత్వం ఆహార జంతువుల్లో ఆ మందును నిషేధించింది. అది మనిషికి చివరి అస్త్రంగా దాచుకున్న మందు. కొత్త షెడ్డు కడతామని వచ్చే రైతును అందుకే నేను ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను: పెంట ఎక్కడికి పోతుంది, మేతలో ఏం కలుపుతారు?