డెల్ఫ్ట్ ఒరిగిన గోపురం: అపోహలు - వాస్తవాలు

పునాదుల ఇంజనీరుగా నా పనంతా మట్టితోనే. నెదర్లాండ్స్‌కు వచ్చిన బంధువులను డెల్ఫ్ట్ నడిబొడ్డున కాలువ గట్టు మీదున్న ఔదె కెర్క్, అంటే పాత చర్చి, చూపించడానికి తీసుకువెళ్తుంటాను. ప్రతిసారీ అవే సందేహాలు వింటాను.

అపోహ: ఇది పీసా గోపురం కంటే ఎక్కువ ఒరిగింది.

వాస్తవం: లేదు. 75 మీటర్ల ఎత్తుకు సుమారు 2 మీటర్లు పక్కకు వాలింది. అంటే ఒకటిన్నర డిగ్రీలు. పీసా గోపురం ఒరుగు మరమ్మతుల తర్వాత కూడా దాదాపు 4 డిగ్రీలు.

అపోహ: కట్టిన వందల ఏళ్లకు, పాతబడి ఒరిగింది.

వాస్తవం: 1325-1350 మధ్య కడుతుండగానే ఒరగడం మొదలైంది. గోపురానికి చోటు కోసం కాలువను పక్కకు మళ్లించి ఉంటారని, పూడ్చిన చోట నేల బరువు మోయలేక కుంగిందని చెబుతారు. మట్టి తీరు తెలిసిన వారికి ఇది ఆశ్చర్యం కాదు. మెత్తని బంకమట్టి నిండా నీరే. పైన బరువు పడితే ఆ నీరు మెల్లమెల్లగా బయటికి పోతుంది, మట్టి అణుగుతుంది. ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా అణిగితే పైనున్న కట్టడం వాలక తప్పదు.

నన్ను కదిలించేది ఆ తర్వాతి సంగతి. మేస్త్రీలు చేతులెత్తేయలేదు. ఒరుగుతున్న గోడను వరుస వరుసకూ సరిదిద్దుతూ పైకి కట్టుకుపోయారు. చివరికి పైనున్న నాలుగు మూలల బురుజులే నిజంగా నిటారుగా నిలిచాయి. నేను జేబులో దారం పెట్టుకుని వెళ్తాను. కొసకు తాళంచెవి కట్టి, కాస్త దూరంగా వంతెన మీద నిలబడి, చేయి చాచి దారాన్ని గోపురం అంచుకు ఎదురుగా పట్టుకోండి. అంచు దారాన్ని విడిచి పక్కకు పోతుంది. బురుజుల దగ్గర మాత్రం మళ్లీ దారంతో కలిసి నడుస్తుంది. ఏడు వందల ఏళ్ల కిందటి పనివాళ్ల పట్టుదల అక్కడ కంటికి కనిపిస్తుంది.

అపోహ: నేడో రేపో కూలిపోతుంది.

వాస్తవం: గోపురం బరువుకు కేంద్రం ఉండేది దాదాపు సగం ఎత్తులో; అక్కడ వాలు సుమారు ఒక మీటరే. గోపురం బరువు ఇంకా పునాది మీదే నిలిచి ఉంది. అలాగని ఏమరుపాటుగా ఉండరు. ఈ గోపురంలో 1570లో పోతపోసిన ట్రినిటాస్ గంట బరువు దాదాపు 9 టన్నులు. దాని కంపనాలు కట్టడానికి చేటు చేస్తాయని, రాజకుటుంబీకుల అంత్యక్రియల వంటి సందర్భాల్లోనే మోగిస్తారు.

అపోహ: పైకి ఎక్కి ఊరంతా చూడవచ్చు.

వాస్తవం: సందర్శకులు మెట్లెక్కేది మార్కెట్ చౌకులో ఉన్న కొత్త చర్చి గోపురం. పాత చర్చిలో చూడవలసినవి నేల మీదే ఉన్నాయి. చిత్రకారుడు వెర్మీర్, సూక్ష్మజీవులను తొలిసారి చూసిన లేవెన్‌హుక్ అక్కడే సమాధి అయ్యారు. బయటికి వచ్చాక అదే కాలువ వెంట నడవండి. మచిలీపట్నం అద్దకం బట్టలు కొన్న డచ్చి ఈస్టిండియా కంపెనీ డెల్ఫ్ట్ శాఖ భవనం ఆ గట్టు మీదే ఉంది.